రేపు రాయబోయే కాగితం

"ఒక్క గంట ఇవ్వవే తల్లీ" అని అడిగి తీసుకుంది గానీ, తీసుకున్న గంటని ఏం చేసుకోవాలో ఆవిడకి తెలియలేదు. చేతిలో తోలుపట్టీ ఉంది, పట్టీ మీద సగం కుట్టు పడి ఉంది. ముప్పయ్యొక్క ఏళ్లుగా కట్టుడు కాళ్లకి పట్టీలు కుట్టిన చేతులు కనక కళ్లు ఎటు పోయినా వాటి పని అవి చేసుకుపోగలవు, అయినా ఇవాళ అవి కూడా మొరాయించి ఒళ్లో పడుకున్నాయి. ఎదురుగా బల్ల మీద కళ్లద్దాల పిల్ల తెరిచి పెట్టిపోయిన కంప్యూటరు, దాని నిండా తెలుపు, ఆ తెలుపులో ఒక నల్లని నిలువు గీత వస్తోంది, పోతోంది, వస్తోంది, పోతోంది, ఆసుపత్రిలో మంచం పక్కన ఆ డబ్బాలో కూడా అచ్చం ఇలాగే ఒక గీత, వద్దు, అటు వెళ్లకూడదు, ఆ దారి పడితే ఈ గంట చాలదు. ఒక్క మాట కొడితే చాలంది పిల్ల. 'ఒప్పుకుంటున్నాను' అని కొట్టి, కింద నీ పేరు కొట్టి, ఈ మీట నొక్కెయ్ పెద్దమ్మా, అంతే. అంతేనట! గోడ మీద గడియారం పదకొండు. పన్నెండుకి ముడి పడిపోతుందట. ఎక్కడెక్కడో కూర్చుని, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసి ఎరగని మనుషులు కొందరు, ఊరికే పంచిపెట్టే ప్రోగ్రాములన్నీ ఏరి, మూట కట్టి, రెండేళ్లకోసారి లోకం మీదకి వదులుతారట. ఆ మూటలో సూది రాసిన ప్రోగ్రాము ఇన్నేళ్లూ ఉంది. ఇవాళ కొత్త మూట కడుతున్నారు. పన్నెండులోగా ఆవిడ ఆ ఒక్క మాటా కొట్టకపోతే సూది రాసినది తీసి బయట పెట్టేస్తారు.

సూది అంటే ఆవిడ కూతురు. ఉన్న ఒక్కగానొక్క కూతురు. అసలు పేరు బళ్లో పిలవడానికీ, చివర్న ఆసుపత్రి చీటీ మీద రాయడానికీ పనికొచ్చింది గానీ, ఈ కాళ్ల షాపులో మటుకు అందరికీ అది సూదే. మనిషీ అలాగే సన్నగా, మాటా అలాగే గుచ్చుకునేలా. తొమ్మిదేళ్లప్పటినుంచీ బడి వదలగానే ఇక్కడికే వచ్చి, ఇదిగో ఈ మెషిను కింద తోలు ముక్కల్లో కూర్చుని లెక్కలు చేసుకునేది. వచ్చినవాళ్లకి కాలు లేదని అది భయపడింది ఏ రోజునా లేదు, "నీకు మొండి గుండ్రంగా ఉందేం, ఆయనకి కోసుగా ఉందేం" అని మొహం మీదే అడిగేది, వాళ్లు కూడా మురిసిపోయి చూపించేవాళ్లు. కాలు పోయాక మిగిలిన ఆ మొండి వెళ్లి కూర్చోడానికి ఒక గిన్నెలాంటిది చేస్తారు, కట్టుడు కాలికి ప్రాణమంతా ఆ గిన్నెలోనే ఉంది. బియ్యపు గింజంత తేడా వస్తే పుండు పడుతుంది. పుండు పడితే మనిషి మళ్లీ మంచమే. పిండిమేస్త్రి చేత్తో చేసేవాడు ఆ గిన్నెలు, ఆయన పేరేమిటో ఎవరికీ గుర్తు లేదు, పొద్దస్తమానం అచ్చుపిండి ముద్దల్లో చేతులు పెట్టి కనుబొమ్మల దాకా తెల్లగా ఉంటాడని పిండిమేస్త్రి అయ్యాడు. సూది పెద్దయ్యాక ఏం చేసిందంటే, మొండిని నాలుగు పక్కలనుంచీ ఫొటో తీసి పెడితే వంపులన్నీ లెక్కగట్టి గిన్నెని గీసి ఇచ్చే ప్రోగ్రాము రాసింది. రాసి ఊరికే ఇచ్చేసింది. నలభై చోట్ల, ఇలాంటివే నలభై షాపుల్లో, దాని గీత మీద గిన్నెలు పోస్తున్నారు. పోసేవారు. ఇక్కడి పాత కంప్యూటరు పోయిన వారం పొగ కక్కి చచ్చింది, కొత్తదాని మీద ప్రోగ్రాము లేవనంటోంది. ఈ వారమంతా మళ్లీ మేస్త్రి చేతులే దిక్కు.

లేవకపోవడానికి కారణం పిల్ల మూడుసార్లు చెప్పింది. మొదటిసారి బుర్రకేమీ ఎక్కలేదు. రెండోసారి తలనొప్పి ఎక్కింది. మూడోసారి, "అలా గాల్లో చెబితే నాకెలా తెలుస్తుందే, ఇదిగో తోలు ముక్కలు, వీటితో చెప్పు" అంటే అప్పుడు తెలిసింది. ఈ పెద్ద ముక్క సూది రాసినది. వంపుల లెక్క మాత్రం సూదిది కాదు, బయటివాళ్లెవరో రాసి ఊరికే ఇచ్చినది, అలాంటిదాన్ని లైబ్రరీ అంటారట, ఈ చిన్న ముక్క అదీ. రెండూ కలిపి కుడితేనే, వాళ్ల మాటలో లింకు చేస్తేనే, గిన్నె వస్తుంది. ఆ లైబ్రరీ రాసినాయన ఇక నావల్ల కాదని దండం పెట్టేశాడు, అది కొత్త కంప్యూటర్ల మీద కదలదు. దాని బదులు ఇంకొకటుంది, దానికన్నా మంచిది, అదీ ఊరికే ఇస్తారు. "మరింకేం, విప్పి కుట్టెయ్యండి" అంది ఆవిడ. "అదే కూడదు పెద్దమ్మా" అంది పిల్ల. ఎందుకు కూడదయ్యా అంటే, సూది తన ముక్కకి ఒక లైసెన్సు కాగితం తగిలించింది. తీసుకోండి, మార్చుకోండి, పంచండి, ఎవరినీ అడగక్కర్లేదు, కానీ దీంతో దేన్ని కలిపి కుట్టి పంచినా కుట్టినదంతా ఇదే షరతు మీద పంచాలి, దీని మీద ఇంకో షరతు వేయకూడదు. అది ఆ కాగితానికి రెండో కూర్పు. తర్వాత అవే మనుషులు మూడో కూర్పు రాశారు, అందులో ఇంకో నాలుగు షరతులు పడ్డాయి, మంచివేనట. కొత్త లైబ్రరీకి తగిలించి ఉన్నది ఆ మూడోది. అదీ ఇదే పాట పాడుతుంది, మొత్తం నా షరతు మీదే పంచాలని. మామూలుగా ఎవరైనా 'రెండో కూర్పు, లేదా ఆ తరువాత వచ్చే ఏ కూర్పైనా' అని రాసుకుంటారు, అప్పుడు పేచీయే ఉండదు. సూది ఆ 'తరువాత వచ్చే' మాటలు కొట్టిపారేసి, 'రెండోది మాత్రమే' అని పెట్టి కూర్చుంది.

ఇద్దరూ పెట్టేవాళ్లే. రండి, తీసుకోండి, తీసుకోండి అని గుమ్మంలో నిలబడి పిలిచేవాళ్లే ఇద్దరూ. ఆ రెండు గుమ్మాల మధ్య మనిషి దూరే సందు లేదు! దొంగలకీ దొరలకీ మధ్య తగువంటే అర్థముంది గానీ, దాతలకీ దాతలకీ మధ్య ఇదేం తగువు? "పోనీ మన షాపులో మనం కుట్టుకుని వాడుకుంటే?" అని అడిగింది. వాడుకోవచ్చంది పిల్ల, గుట్టుగా కాదు, బాజాప్తా వాడుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు, ఇంకొకళ్లకి ఇస్తేనే తప్పు, నేను కుట్టి మీ షాపుకిచ్చినా అది ఇవ్వడమే. ఆవిడకి నవ్వొచ్చింది. ఇవ్వడం కోసమే కదా అది కళ్లు పాడుచేసుకుంది, పెళ్లీ పెటాకులూ వద్దనుకుంది, పండో కాయో ఇంత కొరికి పారేసి రాత్రంతా ఆ వెలుగు ముందు కూర్చుంది, చివరికి ఒకళ్ల దగ్గర దాచుకుంటే తప్పు లేదట, పంచితే తప్పట. పోయినేడు ఎవరో ఆగలేక రెండూ కలిపి కుట్టేసి మూటలోకి తోసేశారట, కొత్త లైబ్రరీవాళ్లు మర్యాదగానే ఉత్తరం రాశారు, అయ్యా మీ కాగితానికీ మా కాగితానికీ పొసగదు, సర్దుకోండి అని. వాళ్లనే సర్దుకోమనరాదా అంటే వాళ్లు అరవైమంది, నలుగురి జాడే లేదు. మళ్లీ మొదటినుంచి రాయరాదా అంటే మూడేళ్లు, రాసేవాళ్లు లేరు. సూది ముక్కలో చెయ్యి పెట్టినవాళ్లు ఎనిమిదిమంది. ఏడుగురూ వారం తిరక్కుండా ఒప్పుకున్నారు, ఒకాయనైతే నడి సముద్రంలో ఓడ మీదనుంచి రాశాడు. మిగిలింది సూది. సూది తరఫున, సూదిని కన్న పాపానికి, ఈవిడ. వారసురాలని లాయరు చేత కాగితం కూడా రాయించి తెచ్చింది పిల్ల, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది ఆవిడ, అందులో ఏముందో చదవలేదు. చదవడం రాక కాదు. ఐదో తరగతి దాకా వచ్చు. చదవలేదు, అంతే.

అదంత మొండిది ఎందుకైంది? అయింది, ఊరికే అవలేదు. అంతకు ముందు అది ఇంకొకటి రాసింది, మొదటిది, చిన్నది. దానికి షరతులూ గిరతులూ ఏమీ పెట్టలేదు, ఎవరికి కావాలంటే వాళ్లు ఎలా కావాలంటే అలా తీసుకోండని చేతులు దులుపుకుంది. పరికరాలు అమ్మే కంపెనీ ఒకటి తీసుకుంది, తీసుకుని తాళం వేసుకుంది, తాళంతో సహా తెచ్చి ఈ షాపుకే ఇచ్చింది. పెట్టెలో ఏముందో ఇక్కడ ఎవరికి తెలుసు? ఏడాది బానే నడిచింది. ఆ తర్వాత ఒకరోజు ఈత మాస్టారు వచ్చాడు, పిల్లలకి ఈత నేర్పే మనిషి, మోకాలి కింద తీసేశారు. బల్ల మీద కూర్చుని మొండి చాపి ఉన్నాడు, ఫొటోలు అయ్యాయి, గిన్నె గీత సగం పడింది, పడి ఆగింది. అనుమతి గడువు ముగిసినది అని ఒక పలక వచ్చి అడ్డంగా నిలబడింది. పక్కనుంచి చూస్తున్న సూది మొహం పాలిపోయింది. ఆ సగం గీతలో మోకాలి దగ్గర లేతాకు రంగు ఉంది. "అమ్మా, ఆ ఆకుపచ్చ నాది. నేనే పెట్టాను ఆ రంగు. నాదే ఇది, నేను తెరవలేను" అంది. ఈత మాస్టారు కాలు చాపుకుని రెండు గంటలు కూర్చుని, కర్రలు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ రాత్రినుంచి సూది కాగితాలు చదవడం మొదలుపెట్టింది, ఆ లైసెన్సు కాగితాలన్నీ, అక్షరం అక్షరం, లాయర్లు కూడా అంత చదివి ఉండరు. రెండోది రాసినప్పుడు ఈ కాగితం తగిలించింది, అందులోంచి ఆ 'తరువాత వచ్చే' ముక్క కొట్టేసింది. ఎందుకే అంత పంతం, అందరూ ఉంచుకున్నది నువ్వూ ఉంచుకోవచ్చుగా అని ఎవరో ఫోనులో పోట్లాడుతుంటే, "రేపు ఎవరో రాయబోయే కాగితానికి ఇవాళ నేను సంతకం పెట్టను" అంది. పట్టీ కుడుతూ విన్నది ఆవిడ. ఎంత బాగా అందో అనుకుంది. నా కూతురే అనుకుంది, లోపల్లోపల పొంగిపోయింది కూడా.

బయట బెంచీ మీదనుంచి బస్సు డ్రైవరమ్మ గొంతు. రెండు నెలల కిందట ఆగి ఉన్న బస్సు వెనక నిలబడి ఉంటే ఇంకో బస్సు వచ్చి గుద్దింది, అయినా ఆ గొంతులో హారను తగ్గలేదు.

"ఏం మేస్త్రిగారూ, నాకు కాలు చేస్తున్నారా, మీ ఇంటికి స్తంభం పోస్తున్నారా?"

"నోరు ముయ్యవే. నువ్వు కదిలితే నా చెయ్యి కదులుతుంది."

"భలేవారే, నేను కదలకపోయినా కదులుతోందిగా మీ చెయ్యి!"

బెంచీ అంతా నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వి, కాసేపటికి, "కదులుతోందమ్మా" అన్నాడు మెల్లిగా. ఈ వారంలో ఆ డ్రైవరమ్మకి ఇది మూడో గిన్నె. మొదటిది పట్టలేదు. రెండోది పట్టింది, సాయంత్రానికి మొండి మీద రూపాయంత ఎర్రగా లేచింది, పచ్చిగా. ఆవిడే కట్టు కట్టింది. కడుతుంటే డ్రైవరమ్మ పంటిబిగువున కూర్చుని, "పరవాలేదండీ, నాకు బ్రేకు కాలు ఉందిగా" అంది. సూది గీసిన గిన్నెల్లో పుండు పడింది ఎవరికీ, ఎవరికి, తలుచుకుంటే ఒక్కళ్లు కూడా గుర్తు రావడం లేదు. సూది ఉంటే, సూది ఉంటే అనుకోవడం ఎన్నోసారి ఇది ఈ పొద్దున్నే, ఉంటే ఏం చేసేది, ఉంటే ఈ పేచీ తనే తెచ్చి పెట్టిందని ఒప్పుకునేదా, ఒప్పుకునే మనిషా అది.

పదకొండూ ఇరవై. గీత వస్తోంది, పోతోంది. ఆవిడ చూపుడువేలితో 'ఒ' కొట్టింది. అక్షరం పడింది. చూసింది. తుడిచేసింది. ఆసుపత్రిలో పన్నెండో రోజున ఇదే కళ్లద్దాల పిల్ల వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఇదే సంగతి ఎత్తింది, పాపం దానిదీ తప్పు కాదు, స్నేహితురాలు, సూదితో పాటు ఆ ఎనిమిదిమందిలో ఒకతె. "ఆ పాత లైబ్రరీ ఇక ఎన్నాళ్లో నడవదే, కొట్టేసిన ఆ ముక్క మళ్లీ చేర్చెయ్యవే, నీ ఒక్కదాని మాటే కదా" అంది. ముక్కులో గొట్టం, చేతిలో సూదులు, సూదికి సూదులు అని ఆ ముందురోజే అది వేళాకోళమాడింది, అలాంటిది ఒక్కసారి దిండు మీదనుంచి తలెత్తింది. "చేర్చను. వంపుల లెక్క నేనే రాస్తా. లేచాక నేనే రాస్తా. సగం రాశాను కూడా." రాసింది నిజమే, నలభై పుటలు, ఆ దుప్పటి మీదే, కంప్యూటరు పొట్ట మీద పెట్టుకుని, నర్సు లాక్కునేదాకా. పిల్ల వెళ్లాక అమ్మ చెయ్యి పట్టుకుంది. చెయ్యి వేడిగా, కాగితంలా తేలిగ్గా ఉంది. "నేను లేచేదాకా ఆ ముక్క మార్చనివ్వకమ్మా. నీ దగ్గరికి వస్తారు. ఏడిపిస్తారు. మార్చనివ్వకు." "మార్చనివ్వనే తల్లీ, నువ్వు పడుకో." "ఒట్టు?" "ఒట్టు." ఒట్టు వేసింది, తల మీద చెయ్యి పెట్టి మరీ వేసింది, జుట్టు లేని తల, నున్నగా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నేను లేచేదాకా అంది. లేచేదాకా. పదకొండు నెలలైంది. ఆవిడ ఆ మాటకి కాపలా కాస్తోంది. పొద్దున్నే లేచి ఇంట్లో సూది కూర్చునే స్టూలు తుడుస్తుంది, దాని కంప్యూటరు వైరు చుట్టి పెడుతుంది, ఎవరైనా ఫోను చేసి అడిగితే ఇంట్లో లేదంటుంది, సాయంత్రం చెయ్యమంటుంది. మాట నిలబెడుతున్నంతసేపూ ఆ మాట అడిగిన మనిషి ఎక్కడో వెనక గదిలో ఉన్నట్టే ఉంటుంది, ఇప్పుడో ఇంకాసేపటికో చెప్పుల చప్పుడు చేసుకుంటూ వచ్చి, "వచ్చారా? ఏడిపించారా? ఇచ్చావా ఏంటి?" అని అడుగుతుంది. ఇవ్వలేదే. చూడు, ఇవ్వలేదు. ఆ సమాధానం ఒక్కటే ఉంది ఆవిడ దగ్గర దానికి ఇవ్వడానికి. అదీ అడుగుతున్నారు.

నలభై షాపులట. ఒక్కో షాపుకి ఇలాంటి బెంచీ ఒకటి. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా ఆవిడ వేలి వైపు చూస్తున్నారనుకోవాలా? వాళ్లకి ఆవిడ ఉందనే తెలియదు. సూది ఉండేదని తెలియదు. గిన్నె సరిగ్గా ఉంటే ఎవరూ గిన్నె గురించి తలుచుకోరు, లేచి నడిచి వెళ్లిపోతారు, అదే దానికి కావలసింది కూడా. వాళ్లు నడుస్తుంటే ఆవిడకేం వస్తుంది, నడవకపోతే ఆవిడకేం పోతుంది, ఇలా అనుకోవడం పాపమా, పాపమైతే కానీ, కన్నకూతురు పక్కన నలభై బెంచీలు కాదు నాలుగువందల బెంచీలు పెట్టి తూచమనండి, ఏ తల్లి తూస్తుంది. తూయదు. ఆవిడ తూయదు. మూట కట్టుకోండి, పారేసుకోండి, నా పిల్ల లేచేదాకా నేను మార్చను. అనుకుంది. అనుకున్నాక గుండెల్లో కాస్త నిమ్మళించింది, ఆ నిమ్మళం రెండు నిమిషాలుంది. బయట డ్రైవరమ్మ "అబ్బా" అంది. ఒక్కసారే అంది, అంత గొంతున్న మనిషి, చిన్నగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

తలుపు దగ్గర కళ్లద్దాల పిల్ల. ఏడ్చి మొహం కడుక్కుని వచ్చింది, కళ్లద్దాల మీద నీటి మచ్చలు. పదకొండూ నలభై.

"పెద్దమ్మా, నేను బలవంతపెట్టను. వద్దంటే వద్దని రాసేస్తాను. కానీ అసలు ఏం మారుతుందో ఒక్కసారి చూడు."

"చూపించు. చూస్తే పోయేదేముంది."

పిల్ల ఏవో నొక్కింది. ఎర్రగా ఒక వరస, దాని కింద పచ్చగా ఒక వరస. ఎర్రది తీసేది, పచ్చది పెట్టేది. ఇంతేనా, ఇన్ని నెలలుగా ఇందరు ఏడుస్తున్నది ఈ జానెడు వరస కోసమా? ఇక్కడ ఏదీ చెరిగిపోదు పెద్దమ్మా అంటోంది పిల్ల, ఏ మార్పు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు, అన్నీ చిట్టాలో ఉండిపోతాయి, అది రాసినవన్నీ ఉన్నాయి, నీ తర్వాతా నా తర్వాతా ఉంటాయి. ఎందుకో కూడా రాస్తారా? రాయాలి, రాయకపోతే కుదరదు. "అయితే అది ఆ ముక్క కొట్టేసిన రోజున ఎందుకని రాసింది? చదువు." పిల్ల వెతికింది. దొరికింది. దొరికాక చదవలేదు.

"చదవవే."

"అందరూ ఇంగ్లీషులో రాస్తారు పెద్దమ్మా. ఇదొక్కత్తే మన భాషలో రాసేది."

"మన భాషలో రాస్తే చదవడానికి నీకేం నొప్పి?"

పిల్ల తెర ఇటు తిప్పింది. రెండే మాటలు. ఐదో తరగతి చాలు వాటికి.

'అమ్మ చెప్పింది.'

ఏం చెప్పింది? ఎప్పుడు చెప్పింది? లైసెన్సులంటే ఏమిటో తెలియని మనిషి ఆవిడ, ఏం చెప్పగలదు? అనుకుంటూనే ఉంది, ఈలోపే లోపల ఎక్కడో ఇనప గేటు ఒకటి కిర్రుమంది. బూట్ల ఫ్యాక్టరీ. ఈ షాపుకి రాకముందు, సూదికి నాలుగేళ్లప్పుడు. పనిలో చేరిన రోజున సూపర్వైజరు కాగితం ముందు పెట్టి, నిబంధనలకి కట్టుబడతానని, 'ఇకమీదట యాజమాన్యం చేయబోయే నిబంధనలకి కూడా' కట్టుబడతానని, ఇక్కడ సంతకం, ఇక్కడ ఇంకోటి. అందరూ పెట్టారు, ఆవిడా పెట్టింది. ఆర్నెల్లకి కొత్త నిబంధన వచ్చింది, షిఫ్టు ముగిసేదాకా గేటు తెరవరు. ఆ గురువారం మధ్యాహ్నం పక్కింటావిడ గేటు బయట నిలబడి, నీ మొగుడు, ఆసుపత్రిలో, పిలుస్తున్నాడు, రా, రా అని అరిచింది. గేటు కాపలావాడు చెడ్డవాడు కాదు, లోపలికి వెళ్లి ఆ కాగితం తెచ్చి ఆవిడ సంతకం ఆవిడకే చూపించాడు, నువ్వే కదమ్మా పెట్టావు. రెండు గంటలు. రెండు గంటలు ఆ చువ్వలు పట్టుకుని నిలబడింది. వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు, ఉతికిన దుప్పటి, మడత గీతలు కూడా పోలేదు. ఆ సంగతి జన్మలో ఒక్కసారే చెప్పింది, సూదికే, తొమ్మిదేళ్ల పిల్లకి, నాన్న ఎలా పోయాడని అడిగితే. ఈ మెషిను కిందే. చెప్పి, మెటికలు విరిచి మరీ అంది, "రేపు ఎవరో రాయబోయే కాగితానికి ఇవాళ సంతకం పెట్టకే తల్లీ, చచ్చినా పెట్టకు."

తనదే ఆ మాట. నా కూతురు ఎంత బాగా అందో అని పొంగిపోయిన మాట తనదే. అది పంతం కాదు, తెలివీ కాదు, ఈత మాస్టారూ కాదు, లాయర్లని మించి చదివిన చదువూ కాదు. అమ్మ చెప్పింది, అంతే. లోకమంతా ఉంచుకున్న ఆ నాలుగు మాటలూ ఒక్క తన పిల్లే కొట్టేసి కూర్చుంది, ఏడుగురితో పోట్లాడింది, గొట్టాలతో తలెత్తి పోట్లాడింది, పొట్ట మీద కంప్యూటరు పెట్టుకుని ఉన్న కాస్త ఊపిరీ వంపుల లెక్కలో పోసింది, ఎవరి కోసం? తన కోసం. ఒక గేటు దగ్గర నిలబడ్డ ఒక మూర్ఖురాలి కోసం. ఫ్యాక్టరీవాళ్ల కాగితం తాళం వేయడానికి రాసినది, ఈ లైసెన్సువాళ్ల కాగితం తాళం తీయడానికి రాసినది, రెండూ ఒకటేనని చెప్పేసింది తను, తొమ్మిదేళ్ల పిల్లకి, తేడా చెప్పకుండా, తేడా తనకి తెలిస్తే కదా! అది నమ్మింది. ఇప్పుడు డ్రైవరమ్మ మొండి మీద రూపాయంత పచ్చి ఉంది, అది సూది తప్పనుకుంటే కూతురి తప్పు కడుపులో దాచుకోవచ్చు, అదీ లేదు. దాచుకోవడానికి కూతురి తప్పు కూడా మిగలలేదు. మరి తను ఇన్నాళ్లూ కాపలా కాసింది దేనికి? తిరిగి తిరిగి తన మాటకే తను. వెనక గదిలో చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గింది, అలవాటుగా. లేదు. ఉన్నట్టుగా కూడా లేదు ఇప్పుడు.

"పెద్దమ్మా? మంచినీళ్లు తేనా?"

"వద్దు. జరుగు."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. 'ఒ' కొట్టింది. ప-కి ఒత్తు పిల్ల చూపించింది. మధ్యలో ఒకసారి వేలు జారితే తుడిచి మళ్లీ కొట్టింది. ఒప్పుకుంటున్నాను. ఎవరితో అంటోంది ఈ మాట, ఎవరో మూట కట్టేవాళ్లతోనా, ఓడ మీది ఆయనతోనా, గేటు కాపలావాడితోనా? కింద పేరు కొట్టింది, ముప్పయ్యొక్క ఏళ్లుగా జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా రాయని తన పేరు. మీట నొక్కింది. ఏమీ కాలేదు. ఉరుము లేదు, మెరుపు లేదు, తల మీద వేసిన ఒట్టు తెగితే చప్పుడవుతుందనుకుంది, అవలేదు. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో ఆ తలకి తగులుతుందని చిన్నప్పుడు భయపడేవాళ్లు. తగలడానికి తల ఏది?

పిల్ల ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, కూర్చుని టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఎర్ర వరస పోయింది. పచ్చ వరస నిలబడింది. ఇక ఆ కొత్త లైబ్రరీ కుట్టొచ్చు, ఎల్లుండికల్లా డ్రైవరమ్మకి గిన్నె గీత వస్తుంది పెద్దమ్మా, నలభై చోట్లా వస్తుంది అంటోంది. ఆవిడ వింటోంది. సంతోషించాలి కదా, సంతోషం ఎక్కడ ఉంటుందో ఆ చోటు తడుముకుంది, పట్టీ కింద వేలు దూర్చి చూసినట్టు. ఏమీ తగల్లేదు.

"పెద్దమ్మా, ఇక్కడ ఎందుకు మార్చామో రాయాలి. ఏం రాయను?"

"ఏదో ఒకటి రాయవే. నీకు తెలియనిదా."

"నీ తరఫున కదా. నువ్వు చెప్పాలి."

"ఖాళీగా వదిలెయ్యి."

"ఖాళీగా వదిలితే తీసుకోదు."

ఆవిడ గోడ వైపు చూసింది. గోడకి వరసగా వేలాడుతున్న కాళ్లు, పూర్తయినవి, కానివి, పట్టీ పడాల్సినవి. ఈ పదకొండు నెలల్లో పక్కింటివాళ్లకి చెప్పని మాట, ఫోను చేసినవాళ్లకి చెప్పని మాట, లాయరు కాగితంలో ఉంటుందని చదవకుండా తప్పించుకున్న మాట, తనలో తను కూడా చుట్టూ తిరిగి పక్కనుంచి పోయిన మాట.

"రాయి" అంది. "రాసిన మనిషి చచ్చిపోయింది. ఇక లేవదు."

పిల్ల వేళ్లు ఆగాయి. తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. మళ్లీ తల వంచి, ఆవిడ అన్నది అన్నట్టే కొట్టింది.

కంప్యూటరు ఆ మాట తీసుకుంది.